ఐదక్షరాల హిమానీనదం

మా భాషలో హిమానీనదాన్ని మోంగు అంటాం.
రాస్తే ఐదక్షరాలు.
జిల్లా ఆఫీసు వెబ్‌సైటులో మాత్రం
రెండక్షరాలూ, మూడు ప్రశ్నార్థకాలూ.

నడుముకి అడ్డగీత పెట్టుకున్న సున్నా,
తోక కిందికి వేలాడేసిన ఒక న,
నిటారుగా నిలబడ్డ ఒక ఉ:
ఈ మూడూ రష్యన్‌లో లేవు,
సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళ పట్టికలోనూ లేవు.
"వచ్చే వెర్షన్‌లో చూద్దాం" అన్నారు, ఏడేళ్ళు.
ఏడేళ్ళూ లైసెన్సు డబ్బు కట్టాం,
ప్రశ్నార్థకాలకి అద్దె.

నా పేరు బెర్మెట్.
నరిన్‌కి పైన, కొండల్లో,
పచ్చిక బయళ్ళ అనుమతుల గుమాస్తాని.
ఎవరి గొర్రెలు ఏ కొండకి, ఎన్ని, ఏ తేదీ దాకా,
అదీ నా పని. కంప్యూటర్ నా పని కాదు.
కళ్ళజోడు లేకుండా తెర చదవగలిగేది
ఆఫీసులో నేనొక్కదాన్నే, అందుకని.

ఆ ఫిబ్రవరిలో మంచుచరియ విరిగి కనుమ మూసుకుంది.
"దారి లేదు" అన్న రెండు మాటలు పెట్టడానికి
రాజధానికి ఉత్తరం, ఉత్తరానికి నంబరు, నంబరుకి బిల్లు.
మూడో రోజు పెట్టారు.
రెండో రోజే జుమాకాదిర్ పాలవ్యాను బయల్దేరింది.
మనిషి దక్కాడు. కుడికాలి వేళ్ళు మూడు దక్కలేదు.
మూడు. ఆ లెక్క నేను కావాలని కలపలేదు.

పశువైద్యుడి కొడుకు ఎల్దియార్
జేబులో వేసుకొచ్చాడు కొత్తదాన్ని.
"ఊరికే వస్తుందా?" ఉపాధికారి కాసిమోవిచ్ కనుబొమ్మలు.
"దీనికి యజమాని ఎవరు?
పాడైతే ఎవర్ని పట్టుకుని తిట్టాలి?"
"మమ్మల్నే. గట్టిగా తిట్టండి,
పక్కగదిలోనే ఉంటాం."

తెరిచి చూశాం. తెరవనిచ్చింది,
మొదటి ఆశ్చర్యం అదే.
లోపల మాటల పట్టిక,
మా భాష గడుల్లో సగం ఖాళీ.
మాకంటే ముందే ఎవరో
నూట నలభై మాటలు నింపి వెళ్ళిపోయారు.
పేరు లేదు. ఆఖరి మాట "భద్రపరచు".
ఆ తర్వాతి గడిలో "తొలగించు" నేను రాశాను,
చెయ్యి కాస్త వణికింది.

చిత్తుప్రతిని ఏమనాలి?
కంబళ్ళు ఒత్తే అసిల్‌కాన్ ముసలమ్మనడిగితే
"ఇంకా తడపని ఉన్ని" అంది.
కమిటీ ఒప్పుకోలేదు.
నేనిప్పటికీ మనసులో అలాగే చదువుకుంటాను.

మా భాషలో తెరిచినదాన్ని ఆచిక్ అంటాం,
తాళంచెవిని ఆచ్కిచ్.
ఒక్క ధాతువుకి ఇద్దరు పిల్లలు.
"ఆచ్ అంటే ఆకలి కూడా,
ఈ ఏడు బడ్జెట్ గుర్తుంచుకోండి" అన్నాడు కాసిమోవిచ్.
ఆయన జోకు వేయడం అదే మొదటిసారి.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను.
మే నెలలో ఒక అప్‌డేట్ నొక్కి
జిల్లా మొత్తాన్ని రెండు రోజులు తెల్లకాగితం చేశాను.
అర్ధరాత్రి జవాబిచ్చింది
ఉరుగ్వేలో ఒక మున్సిపాలిటీ ఉద్యోగిని.
వాళ్ళకప్పుడు మధ్యాహ్నమట, టీ తాగుతోందట.
నేను చేసిన తప్పే తనూ చేసిందట,
ఎక్కడ ఒక కామా పోయిందో చెప్పి
తన పనిలోకి తను వెళ్ళిపోయింది.

ఇప్పుడు మోంగు నిండుగా ఉంది, తెర మీద,
ఐదక్షరాలూ వరసలో.
కిటికీలోంచి కనిపించే మోంగు మాత్రం
పోయినేటికన్నా ఒక బండంత వెనక్కి జరిగింది.
ఆ బండకింకా పేరు లేదు. నిన్నటిదాకా మంచుకిందే ఉంది కదా.

మళ్ళీ ఫిబ్రవరి. తెల్లవారి నాలుగూ నలభై,
పొయ్యి పక్క కూర్చుని, భుజాన శాలువాతో
నా వేళ్ళతోనే రాశాను: కనుమ మూసి ఉంది.
నాలుగూ నలభై ఒకటికి ఊరంతటికీ తెలుసు.

అయిదింటికి ఫోను. జుమాకాదిర్.
మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.
"అక్షరాలు మరీ చీమల్లా ఉన్నాయి, చెల్లీ.
మూసి ఉందని పెట్టావు సరే,
ఎప్పుడు తెరుస్తారో పెట్టలేదేం?
పాలు విరిగిపోతాయి."

అక్షరాలు పెద్దవి చేశాను.
రెండో గడి ఇంకా ఖాళీగా ఉంది.